బల్ల దగ్గరికి వెళ్ళని ఇద్దరు

పోయిన ఆదివారం మా ఏ.ఎస్. రావు నగర్ చర్చిలో సంస్కారం, అంటే ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఇప్పుడు బల్ల దగ్గరికి వెళ్ళి మోకరించే పని లేదు. కుర్చీల మధ్యకే ట్రేలు వస్తాయి. సీసా మూతంత ప్లాస్టిక్ గ్లాసు, దాని మీద అంటించిన కాగితం, కాగితం కింద రొట్టె బిళ్ళ. నాబోటి ముసలివాళ్ళకు ఆ కాగితం ఊడదీయడమే ఒక పరీక్ష. కుర్ర పాస్టరుగారు మైకులో, "దేవుని అధికారానికి లోబడకుండా అవిధేయతలో ఉన్నవాళ్ళు దయచేసి తీసుకోవద్దు" అని హెచ్చరించారు. అందరం తీసుకున్నాం. తిరిగొస్తుంటే ఆటోలో మా మనవరాలు అడిగింది.

"అమ్మమ్మా, అలా చెప్తే నిజంగా ఎవరైనా తీసుకోకుండా ఉంటారా? నేనైతే ఒక్కరిని కూడా చూడలేదు."

నేను ఇద్దరిని చూశాను. ఆటో రొదలో చెప్పే సంగతి కాదని ఊరుకున్నాను.

అప్పట్లో మేము బోయిగూడలో, చర్చి ఆవరణలోనే ఉండేవాళ్ళం. మా తాత ఆ చర్చిలో గంట కొట్టే మనిషి. ఆయన పోయాక ఆ పని, వెనకాల ఉన్న రెండు గదుల ఇల్లు, తాళంచెవుల గుత్తి నాయనమ్మకు వచ్చాయి. నాన్న ఆ ఆవరణలోనే పెరిగి, మిషన్ బడిలో చదివి, అదే బడిలో పంతులై, చివరికి సంఘానికి సెక్రటరీ కూడా అయ్యారు. అంటే ఆదివారం నాడు నాయనమ్మ ఊడ్చిన చోట నాన్న కోటు వేసుకుని నిలబడేవారు. అమ్మది గుంటూరు వైపు. అందుకని మా ఇంట్లో మూడు తెలుగులు నడిచేవి. నాయనమ్మది బోయిగూడ తెలుగు, అమ్మది గుంటూరు తెలుగు, నాన్నది బైబిలు తెలుగు. నాన్నకు కోపం వచ్చినప్పుడు ఆ మూడోది బాగా బయటపడేది. "ఇటు రమ్ము" అన్నారంటే నా వీపు చిట్లబోతోందని అర్థం.

నెలలో మొదటి ఆదివారం సంస్కారం కాబట్టి దాని ముందు శనివారం మా ఇల్లు ఘుమఘుమలాడేది. అమ్మ కిస్మిస్ పళ్ళు నానబోసి, చిదిమి, సన్నని సెగ మీద కాచి రసం తీసేది. ఆ తియ్యటి పుల్లటి వాసన గోడలకు పట్టుకుని మంగళవారం దాకా వదిలేది కాదు. డబుల్ రొట్టె అంచులు కోసేసి, తెల్లటి మెత్తని భాగాన్ని చిన్న చిన్న ముక్కలు చేసేది. ముక్కలు దేవుడికి, అంచులు నాకు. అంచులను రసం గిన్నె అడుగున అద్దుకుని తినేదాన్ని. ఒకసారి నాన్న చూసి, "పరిశుద్ధమైన దానితో పరిహాసమా?" అని గద్దించారు. "ఇంకా పరిశుద్ధం కాలేదు లెండి, రేపు కదా అయ్యేది" అంది అమ్మ.

నాన్న నాకు రోజూ సాయంత్రం ఒక వరుస వల్లె వేయించేవారు. అన్నిటికీ పైన దేవుడు. దేవుడు నియమించిన రాజు. రాజు కింద అధికారులు. సంఘంలో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు. ఇంట్లో తండ్రి. పై వాళ్ళ మాట కింది వాళ్ళు వింటే దేవుని మాట విన్నట్టే. ఈ వరుసలో నాయనమ్మ ఎక్కడా తగిలేది కాదు. అడిగితే నాన్న, "ఆమెను గౌరవించవలెను" అన్నారు. గౌరవించాలో, మాట వినాలో నాకు తేలలేదు.

రాజుకోసం ప్రార్థన కూడా నాన్నదే. ప్రతి ఆదివారం రెండో కీర్తన అయ్యాక లేచి, కళ్ళు మూసుకుని, నిజాం ప్రభువుల వారికి జ్ఞానమూ దీర్ఘాయువూ ఇమ్మని అడిగేవారు. ఆ ప్రార్థన పొడుగ్గా ఉండేది. అందులో 'మరియు' ఎన్నిసార్లు వస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టడం మా పిల్లల ఆట.

అది నలభై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం ఇంకా పోలేదు. ఒక ఆదివారం నాన్న ఎప్పటిలాగే నిజాం ప్రభువుకోసం ప్రార్థించారు. ఇండియా సైన్యం నిజాం మీదికి వస్తోందని సోమవారం నుంచి బడి లేదు, రైళ్ళు లేవు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు తలా ఒక కబురు మోసుకొచ్చేవారు. విమానం చప్పుడు వినబడితే అమ్మ నన్ను మంచం కిందికి తోసేది. శుక్రవారం సాయంత్రం ఇరానీ హోటల్ రేడియో దగ్గర జనం గుమికూడారు. అంతా అయిపోయిందని, నిజాం లొంగిపోయాడని చెప్పుకున్నారు. సందులో కొందరు కేకలు వేస్తూ నవ్వారు, కొందరు తలుపులు వేసుకున్నారు. నవ్విన వాళ్ళను చూసి నవ్వాలో, తలుపులు వేసుకున్న వాళ్ళను చూసి భయపడాలో తెలియక నేను రెండూ కొంచెం కొంచెం చేశాను.

అయ్యగారు ఆ సాయంత్రమే నాయనమ్మను పిలిచి చెప్పారు. "ఆదివారం ఆరాధనకు తప్ప చర్చి తాళం తీయవద్దు. ఎవరు వచ్చి అడిగినా సరే. మనకు ఏ పక్షమూ లేదు. ఒకరికి తీస్తే రేపు ఇంకొకరు వచ్చి మీదపడతారు." నాన్న ఆయన పక్కనే నిలబడి తల ఊపారు. నాయనమ్మ కూడా తల ఊపింది. అది నేను కళ్ళారా చూశాను.

మా ఆవరణ గోడకు అవతల ఒక దర్జీ కుటుంబం ఉండేది. దర్జీ, ఆయన భార్య, ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు. అయ్యగారి తెల్లటి పొడుగు అంగీ కుట్టింది ఆయనే. ముందు నెలలో వాళ్ళ రంజాన్ పండక్కి గోడ మీదుగా షీర్ ఖుర్మా అందించారు. అమ్మ కొంచెం సందేహించింది కానీ నాయనమ్మ, నేను గిన్నె నాకి మరీ వెనక్కిచ్చాం.

శనివారం పొద్దెక్కాక ఆ ఐదుగురూ మా ఆవరణలోకి వచ్చి నిలబడ్డారు. సందు చివర ఎవరో కర్రలు పట్టుకుని ముస్లింల ఇళ్ళు అడిగి మరీ తిరుగుతున్నారట. ఇంట్లో ఉండలేక, బజారుకు పోలేక వచ్చారు. దర్జీ నాయనమ్మకు చేతులు జోడించాడు.

"అమ్మా, జెర సేపు లోపల కూసోనియ్యిండ్రి. పిల్లలు పరేషాన్ అయితున్నరు. మా అమ్మ నిలవడలేకపోతున్నది."

నాయనమ్మ ముసలామె కాళ్ళ వైపు చూసింది. అవి నిజంగానే వణుకుతున్నాయి. నడుము నుంచి గుత్తి తీసి, చర్చి తలుపు తెరిచి, వాళ్ళను లోపలికి పంపి, గడియ పెట్టింది. ఇదంతా నీళ్ళబిందె దించినంత మామూలుగా చేసింది. అయ్యగారికి ఊపిన తల ఏమైందో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం దాటాక వాళ్ళకు కిచిడీ వండుకొస్తానని నన్ను లోపల కాపలా పెట్టి ఇంటికి వెళ్ళింది. "నువ్వు పెద్దదానివి. వాళ్ళకు ఏం కావాలన్నా సూడు" అంది. నాకు పదేళ్ళు. పెద్దదానివి అనిపించుకోవడం అదే మొదటిసారి.

కాసేపటికి దర్జీ నన్ను పిలిచి నమాజుకు వేళయింది, కడుక్కోవడానికి నీళ్ళు కావాలన్నాడు. కుళాయి బయట ఉంది. అయ్యగారు అంగీ వేసుకునే వెనక గదిలో తాగేనీళ్ళ కుండ ఉంది కానీ దాని చెంబు ఆ రోజు ఎక్కడా కనబడలేదు. నేను చుట్టూ చూశాను. బల్ల పక్కన పీట మీద, పసిపిల్లల తల మీద నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చే వెండిపూత గిన్నె తళతళలాడుతూ ఉంది. అది నీళ్ళ గిన్నే కదా, నీళ్ళు ముంచి తెచ్చాను. వెనక గది గడప దగ్గర ఒక్కొక్కరికీ నేనే పోశాను. చేతులు, మొహాలు, చివరికి కాళ్ళు. ముసలామె వంగలేకపోతే ఆమె పాదాలు నేనే తడిపాను. చాలా మంచి పని చేస్తున్నానని గర్వంగా ఉంది.

వాళ్ళు మా ఆదివారపు బడి జంఖానా పరుచుకుని నిలబడ్డారు. పడమటి దిక్కు చూడాలి కాబట్టి బల్లకు వీపు పెట్టి, పెద్ద తలుపు వైపు తిరిగారు. సరిగ్గా వాళ్ళు వంగుతున్నప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు కిచిడీ గిన్నెతో నాయనమ్మ, ఆమె వెనకే బజారు నుంచి వచ్చిన నాన్న. ఐదుగురు మనుషులు తనకేసి మోకాళ్ళ మీదికి దిగి నేలకు నుదురు ఆనించడం నాన్న చూశారు. ఆయన మొహం తెల్లబోయింది. గబుక్కున గోడవారకు జరిగిపోయారు. నాకు నవ్వొచ్చి నోరు నొక్కుకున్నాను.

వాళ్ళు ముగించేదాకా నాన్న గోడవారనే నిలబడ్డారు. తర్వాత వెనక గదిలోకి వెళ్ళారు. గడప దగ్గర మట్టినీళ్ళతో గిన్నె కనబడింది. దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని వచ్చారు.

"దీన్ని ఎవరు తీశారు?"

నేను నాయనమ్మ చాటుకు జరిగాను. నాయనమ్మ నన్ను చూసింది, నా తడిసిన పావడా చూసింది.

"ముందుగాల పిల్లలకు బువ్వ పెట్టనియ్యిరా. తరువాత అడుగు" అంది.

మర్నాడు గంట కొట్టకముందే దర్జీ కుటుంబం పట్నంలో చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆయన భార్య జంఖానా దులిపి మడత పెట్టింది. మళ్ళీ ఆ ఇంటికి వాళ్ళు రాలేదు.

ఆ ఆదివారం రెండో కీర్తన అయ్యాక నాన్న లేచారు. కళ్ళు మూసుకున్నారు. రాజు పేరు వచ్చే చోట ఆగిపోయారు. చర్చిలో ఎవరో దగ్గారు, ఇంకెవరి బిడ్డో ఏడ్చింది. నాన్న చివరికి, "మా మీద నీవు ఉంచిన వారిని" అని గబగబా ముగించేశారు. ఆ రోజు 'మరియు' రెండేసార్లు వచ్చింది. దేవుడు శుక్రవారం రోజున రాజును మార్చాడా అని ఇంటికొచ్చి అడిగాను. నాన్న కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. నాయనమ్మ మాత్రం, "ఎవరున్నా మనం ఊడ్చుడే గదా, పో, ఆడుకో" అంది.

ఆ వారమే సంఘ పెద్దలు వెనక గదిలో కూర్చుని నాయనమ్మను పిలిచారు. నేను కిటికీ కింద గన్నేరు చెట్టు చాటున నక్కాను. తప్పులు రెండని అయ్యగారు చెప్పారు. వద్దన్నా తలుపు తీయడం ఒకటి. బాప్తిస్మపు గిన్నెను కాళ్ళు కడుక్కోవడానికి వాడనివ్వడం రెండోది. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే చాలు.

"గిన్నె నా చేతికింద ఉంటది. ఎవరు తీసినా జవాబు నాదే" అంది నాయనమ్మ. "గా గిన్నె సంగతి తప్పే. సంఘం ముంగట చెంపలేసుకుంట. తలుపు తీసుడు మాత్రం తప్పనను."

"అయ్యగారి మాట జవదాటావు కదమ్మా?" నాన్న గొంతు అది. సొంత తల్లిని పరాయివాళ్ళలాగా అడుగుతున్నారు.

"దాటిన. ఆ ముసలామె కాళ్ళు గడగడ వణుకుతుంటె, నేను మెట్టుగూడల అయ్యగారింటి దాక పోయి అడిగి వచ్చేదాక ఎండల నిలవెట్టాల్నా? మల్ల వస్తె మల్ల తీస్త. దేవుని ఇంట్ల నిలవడి, తప్పయిందని అబద్ధం ఎట్ల చెప్త?"

లోపల గొణుగుడు సాగింది. చాలాసేపటికి తేల్చారు. రెండు తప్పులూ ఒప్పుకోవాలి, లేదా సంస్కారపు బల్లకు దూరంగా ఉండాలి. నాయనమ్మ, "పెద్దలు చెప్పిండ్రు. సరే" అని తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడు నాకు కిటికీ కిందికి వినబడింది.

ఇక్కడే నా బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. మాట వినని మనిషి శిక్షను ఇంత బుద్ధిగా ఎందుకు వింటుంది? తర్వాతి నెల సంస్కారం నాడు అందరూ బల్ల ముందున్న కటకటాల దగ్గర మోకరిస్తుంటే ఆమె చిట్టచివరి బెంచీలో, తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. ఆ తర్వాతి నెల కూడా అంతే. నలభై ఏళ్ళుగా ఆ బల్ల మీది గుడ్డ ఉతికిన మనిషి. ఆ రెండు ఆదివారాలూ ఇంట్లో అన్నం ముట్టలేదు. చిక్కిపోయింది, దగ్గు పట్టుకుంది. నాన్న రోజూ బతిమాలేవారు.

"ఒక్క మాట అనమ్మా. ఒక్క మాటతో పోతుంది."

"ఆ ఒక్కటే నాతోని కాదు బిడ్డా. నువ్వు తినక నా కోసం సూడకు."

గిన్నె నేను తీశానని చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. చెప్పవద్దని నాయనమ్మ నాకు ఎప్పుడూ అనలేదు. చెప్పమనీ అనలేదు. ఆమె నాకేసి చూసినప్పుడల్లా ఏ ఆజ్ఞ ఇస్తోందో వెతికేదాన్ని, ఏమీ దొరికేది కాదు.

చలి మొదలైన నెల, సంస్కారం ముందు శనివారం, కిస్మిస్ పొయ్యి మీద ఉడుకుతోంది. అమ్మ అంచులు నా ముందు పెట్టింది. నాకు మింగుడు పడలేదు. లేచి వెళ్ళి, బడి పుస్తకాలు దిద్దుకుంటున్న నాన్న ముందు నిలబడి అంతా చెప్పేశాను. గిన్నె తీసింది నేనే, నీళ్ళు పోసింది నేనే, నాయనమ్మ అప్పుడు అక్కడ లేనే లేదని.

దెబ్బలు పడతాయనుకున్నాను. ఆయన కలం కింద పెట్టారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న కళ్ళలో నీళ్ళు అదే మొదటిసారి చూడటం.

"ఎవ్వరితోనూ చెప్పకు" అన్నారు. బైబిలు తెలుగు కాదు, మామూలు తెలుగు.

నిజం చెప్పమని నాలుగేళ్ళ వయసు నుంచీ నాకు నేర్పిన మనిషి, మొదటిసారి కష్టపడి నిజం చెబితే దాన్ని దాచమన్నారు. తండ్రి మాట వినాలి. విన్నాను.

మర్నాడు అయ్యగారు రొట్టె ఇస్తుంటే నాన్న ఎప్పటిలాగే పళ్ళెం పట్టుకుని ఆయన పక్కన నడిచారు. అందరూ తీసుకున్నాక చివరగా నాన్న మోకరించాలి. మోకరించలేదు. పళ్ళెం పట్టుకునే వెనక్కి తిరిగి, బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ చిట్టచివరికి వచ్చేశారు. పాట పాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. నేను నాయనమ్మ పక్కనే ఉన్నాను. నాన్న దాన్ని ఆమె ముందుకు చాపారు.

నాయనమ్మ రొట్టె వైపు చూసింది. ఆకలిగా ఉన్నవాళ్ళు చూసే చూపు అది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"పెద్దలు ఒప్పుకున్నరా?"

నాన్న తల అడ్డంగా ఊపారు.

"మరి ఎట్ల తీసుకుంట బిడ్డా? తప్పు గదా. తీసుకపో." పళ్ళెం పట్టుకున్న ఆయన చేతి మీద తన చేయి వేసి, చిన్నప్పుడు బడికి పంపినట్టు మెల్లగా వెనక్కి తోసింది. "పో. అందరు సూస్తుండ్రు."

నాన్న వెనక్కి నడిచారు. పళ్ళెం బల్ల మీద పెట్టారు. తను మాత్రం మోకరించలేదు, తీసుకోలేదు.

క్రిస్మస్ దాటిన వారానికి నాయనమ్మ పోయింది. ఆ నెల సంస్కారం ఇంకా రాలేదు. అయ్యగారు సమాధి దగ్గర చాలా మంచి మాటలు చెప్పారు. మరి అంత మంచి మనిషిని దూరం ఎందుకు పెట్టారో అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

నాన్న ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా అదే చర్చిలో ప్రతి నెలా రొట్టె పళ్ళెం పట్టుకుని నడిచారు. ఒక్కసారి కూడా తినలేదు. పాస్టర్లు మారారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన ముందే తీసుకుని ఉంటారనుకునేవారు. అమ్మకు తెలుసు, నాకు తెలుసు. మేము అడగలేదు. అమ్మ పోయాక, నాన్న నా దగ్గర ఉంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అడిగేశాను.

"నాయనమ్మను వద్దన్నారు కాబట్టి మీరూ మానేశారా నాన్నా?"

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అయ్యగారు గిన్నె సంగతి ఒప్పుకుంటే చాలన్నారమ్మా. మిగతా పెద్దలూ సరేనన్నారు. తలుపు సంగతి వదిలేద్దామన్నారు. సెక్రటరీ తల్లి కాబట్టి వదిలేశారని అంటారేమోనని, రెండూ ఒప్పుకోవాల్సిందేనని పట్టుబట్టింది నేనే. రెండు నెలలు దాటాక నువ్వొచ్చి, ఆ గిన్నె కూడా ఆమె తీయలేదన్నావు."

నేను ఆ కిటికీ కిందే ఉన్నాను. ఆ గొణుగుడులో ఏ గొంతు ఎవరిదో నాకు వినబడలేదు.

"అప్పుడైనా పెద్దలకు చెప్పాల్సింది కదా?" అన్నాను.

"చెబితే నిన్ను సంఘం ముందు నిలబెట్టేవాళ్ళు. నిన్ను కూడా పోగొట్టుకోలేకపోయాను" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు ఆయన కూడా పోయారు.

ఆ ముగ్గురిలో దేవుని మాట విన్నది ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. తలుపు తీసిన ఆమా, తీయవద్దన్న ఆయనా, తల్లికి తీర్పు చెప్పి జన్మంతా తనకు తాను శిక్ష వేసుకున్న నాన్నా? ఒక్కటి మాత్రం తెలుసు. తలుపు తీసిన ఆమె తినకుండా పోయింది, తీర్పు చెప్పిన ఆయన తినకుండా పోయారు. గిన్నె తీసింది నేను. నాకు పద్నాలుగేళ్ళు నిండగానే అయ్యగారు నా తల మీద చేయి ఉంచి సంఘంలో చేర్చుకుని, మొదటిసారి రొట్టె ఇచ్చారు. ఆ నెల నుంచి ఒక్క నెల కూడా తప్పకుండా నేను తింటూనే ఉన్నాను.